గోలీకాయంత గడ్డకు అంత కోత ఎందుకు?

"గోలీకాయంత గడ్డకు గంత కండ ఎందుకు కోసిన్రు?" రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకొని ఊరికొచ్చిన మనిషిని చూడబోయినవాళ్లు పాన్‌గల్‌లోనైనా వనపర్తిలోనైనా అడిగే మాట ఇది. "కత్తి తగిలితే క్యాన్సర్ ఒళ్లంత పాకుతది" అని పక్కనుంచి ఇంకొకరు. ఈ రెండో మాట నమ్మి పసర్లతో, తాయెత్తులతో నెలలు గడిపి, గడ్డ పుండై పగిలాక ఆసుపత్రికి వచ్చేవాళ్లను తలచుకుంటే నాకు కోపం ఆగదు. ఆ నెలల్లోనే క్యాన్సర్ పాకింది. కత్తి చేసిందేమీ లేదు.

మొదటి ప్రశ్న మాత్రం న్యాయమైనదే. వేరుశనగ చేలో తుంగ తీసినవాళ్లకు జవాబు తెలుసు. పిలక పట్టి లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ నేలలోనే ఉంటుంది. దాన్నుంచి సన్నటి వేరు పక్కకు పోయి ఇంకో గడ్డ వేస్తుంది. వాన పడితే మళ్లీ పిలకలే. అందుకే రైతు చుట్టూ కొంత జాగా విడిచి పార దింపి, మట్టితో సహా పెళ్లగిస్తాడు. నాలుగు పల్లి మొక్కలు పోయినా పోనీ అనుకుంటాడు. క్యాన్సర్ కంతి కూడా చేతికి తగిలినంత మేరకే ఉండదు, కణాలు కంటికి ఆనకుండా పక్క కండలోకి చొరబడతాయి. అందుకే కంతితోపాటు చుట్టూ కొంత మంచి కండనూ తీస్తారు, దాన్నే మార్జిన్ అంటారు. నోటి క్యాన్సర్‌లో సాధారణంగా 5 మిల్లీమీటర్లయినా ఉండాలంటారు.

పార ఎక్కడ దింపాలో చెప్పేది స్కానింగే. కొన్ని రొమ్ము క్యాన్సర్లు చేతికి దొరకవు, మామోగ్రామ్‌లో సున్నపు రవ్వలుగా మాత్రమే కనిపిస్తాయి. అలాంటప్పుడు ఆపరేషన్‌కు ముందే ఎక్స్‌రే చూస్తూ, కొసన కొక్కెం ఉన్న సన్నటి తీగను ఆ రవ్వల దాకా దింపుతారు. సర్జన్ తీగ వెంట వెళ్లి ముక్క తీస్తాడు. ఏ వైపు ఏదో తెలియడానికి దానికి దారాలు కుడతారు: పై అంచుకు పొట్టిది, పక్క అంచుకు పొడుగుది. రోగి ఇంకా మత్తులో ఉండగానే ఆ ముక్కకు ఎక్స్‌రే తీస్తారు. రవ్వలు నడిమధ్యలో ఉంటే సరే. ఒక అంచుకు ఆనుకొని కనిపిస్తే ఆ వైపే ఇంకొంచెం కోస్తారు.

మెదడులో ఈ పని మరీ కష్టం. పుర్రె తెరిచాక నీరు కారి మెదడు కొద్దిగా కుంగుతుంది, ముందురోజు తీసిన ఎంఆర్‌ఐ బొమ్మతో సరిపోలదు. అందుకే వసతి ఉన్నచోట మధ్యలో మళ్లీ అల్ట్రాసౌండో ఎంఆర్‌ఐయో చేస్తారు. రోగికి ముందే ఒక మందు తాగిస్తే, నీలి వెలుతురులో కంతి గులాబీ రంగులో మెరిసే పద్ధతీ ఉంది. 2006లో వెలువడిన జర్మనీ పరిశీలనలో, ఈ వెలుతురుతో 65 శాతం మందికి స్కాన్‌లో కనిపించే కంతి పూర్తిగా తీయగలిగారు. మామూలు వెలుతురులో అది 36 శాతమే.

అయినా విడి కణాన్ని ఏ స్కానూ చూపలేదు. ముక్క అంచులకు సిరా పూసి, పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద చూసే పాథాలజిస్టు మాటే చివరిది. రొమ్ములో ఇతర కణజాలంలోకి చొరబడ్డ క్యాన్సర్‌కు 2014 నుంచి అమెరికా నిపుణుల కొలత, సిరాను క్యాన్సర్ కణాలు తాకకపోతే చాలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినా, ఇంకో ఆసుపత్రికి వెళ్లినా, ఆపరేషన్ తర్వాత వచ్చే బయాప్సీ రిపోర్టులో మార్జిన్ల గురించి ఏం రాశారో అడిగి తెలుసుకోండి. అంచున క్యాన్సర్ ఉందని వస్తే మళ్లీ కోయాలా, రేడియేషన్ ఇవ్వాలా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.