లండన్‌లో దిగిన గంధర్వుడు!

సైన్స్ ఫిక్షన్ అనగానే రాకెట్లూ రోబోలూ గుర్తొస్తాయి. మరి పట్టుబట్టలు కట్టుకుని, ఒంటినిండా నగలతో, మనిషి దేహానికి గుర్రం తల ఉన్న ఓ వింతజీవి లండన్ నడిబొడ్డున ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కనిపిస్తే..? విశ్వనాథ సత్యనారాయణ 'హాహా హూహూ' కథ అదే.

అవును, 'వేయిపడగలు' రాసిన విశ్వనాథే. 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చినాయనే. ఆ జిల్లాతో ఆయనకు ఇంకో చుట్టరికమూ ఉంది. మంథని ఎమ్మెల్యేగా పనిచేసిన పీవీ నరసింహారావు 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. పెద్ద నవలకు అంత పేరొచ్చింది. ఈ చిన్న నవల దగ్గరే పాఠకులు జట్లుగా విడిపోతారు.

'ఇది సైన్స్ ఫిక్షన్ ఏమిటి, పురాణం కదా' అంటారు కొందరు. నిజమే, హాహా, హూహూ... పురాణాల్లోని గంధర్వుల పేర్లే. కానీ కథంతా, ఎక్కణ్నుంచో వచ్చిన ప్రాణిని ఏ గాటన కట్టాలో తెలియక ఓ మహానగరం పడే తికమక. 1898లో హెచ్.జి.వెల్స్ కూడా 'ది వార్ ఆఫ్ ద వరల్డ్స్'లో కుజగ్రహవాసుల్ని లండన్ మీదికి తోలాడు. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు. మనుషులతో ఒక్క మాటా ఆడవు. విశ్వనాథ వింతజీవి మాట్లాడుతుంది!

పేచీ కూడా ఆ మాటల దగ్గరే. పడమటి విజ్ఞానగర్వం మీద పడే చురకలకు పగలబడి నవ్వేవాళ్లున్నారు. సంప్రదాయవాది సైన్సును వెక్కిరిస్తున్నాడని చిరాకుపడేవాళ్లూ ఉన్నారు. వామపక్ష సాహిత్యంతో పెరిగిన కొందరైతే పుస్తకం తెరవకముందే తీర్పు చెప్పేస్తారు. వాళ్ల అనుమానం ఊరికే పుట్టలేదు. వర్ణవ్యవస్థను సమర్థించిన రచయిత మరి. అయినా తెల్లదొరల పాలన చూసినవాడు లండన్‌నే బోనులో నిలబెట్టడంలోని మజా, ఆయన్ను ఒప్పుకోనివాళ్లకూ అందేదే.

2018లో వెల్చేరు నారాయణరావు అనువాదాన్ని పెంగ్విన్ ప్రచురించింది. ఇంగ్లీషు అట్టమీద మన గంధర్వుడు కాస్తా 'గుర్రం తల దేవుడు' అయ్యాడు. దేవతల కొలువులో పాడేవాడికి పెద్ద ప్రమోషనే! అక్కడి పాఠకుడికి అంతకన్నా దగ్గరి మాట దొరకదేమో.

అదే సంపుటంలో 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' కూడా ఉంది. తిక్కన, విష్ణుశర్మ ఓ తెలుగు లెక్చరర్ కలలోకొచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. విశ్వనాథ పేరెత్తితేనే ముఖం చిట్లించేవాళ్లు ముందు దాంతో మొదలుపెట్టొచ్చు.