మెడకు డాప్లర్ స్కాన్.. రిపోర్ట్‌లో ‘60 శాతం బ్లాక్’ అని ఉంటే ఆపరేషన్ తప్పదా?

హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య కెరోటిడ్ డాప్లర్ అనే టెస్ట్ కూడా కనిపిస్తోంది. మెడకు జెల్ రాసి, చిన్న ప్రోబ్‌తో అటూ ఇటూ చూస్తారు. ఇంజెక్షన్ లేదు, రేడియేషన్ లేదు. అరగంటలో పని అయిపోతుంది. టెన్షన్ అంతా రిపోర్ట్ చేతికొచ్చాకే. ‘ఎడమవైపు 60 శాతం బ్లాక్’ అని ఉంటే ఇక ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. నిజంగా అంత భయపడాలా?

మెడకు రెండువైపులా మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనులు ఉంటాయి. దవడ కింద ఒక్కోటి రెండుగా చీలుతుంది. కొవ్వు ఎక్కువగా పేరుకునేది ఆ చీలిక దగ్గరే. అక్కడి నుంచి చిన్న ముక్క ఊడినా, దాని మీద కట్టిన రక్తపు గడ్డ కదిలినా నేరుగా మెదడులోకి వెళ్లి ఇరుక్కుంటుంది. అదే స్ట్రోక్.

మరి ఈ శాతం ఎలా చెబుతారు? ముఖ్యంగా రక్తం స్పీడ్ చూసి. నీళ్ల పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార జోరుగా వస్తుంది కదా.. ఇదీ అంతే. ఎక్కువమంది డాక్టర్లు వాడే లెక్కలో స్పీడ్ సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే ఇరుకు 50 శాతం పైన, 230 దాటితే 70 శాతం పైన ఉన్నట్టు. అన్నట్టు, స్క్రీన్‌ మీద కనిపించే ఎరుపు, నీలం మంచి రక్తం, చెడు రక్తం కాదు. రక్తం ఏవైపు వెళ్తోందో చెప్పే రంగులు మాత్రమే.

ఇందులో ఓ తిరకాసు ఉంది. నాళం దాదాపు పూర్తిగా మూసుకుపోతే స్పీడ్ మళ్లీ పడిపోతుంది. అంకె ఒక్కటే చూస్తే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది! అందుకే బొమ్మ కూడా చూడాలి. ఆపరేషన్ ఆలోచన ఉంటే సాధారణంగా సీటీ యాంజియో లాంటి మరో టెస్ట్‌తో సరిచూసుకుంటారు.

అయితే శాతం కంటే ముందు డాక్టర్ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఈ ఆరు నెలల్లో ఎప్పుడైనా కాసేపు చెయ్యి పట్టు తప్పిందా? మాట తడబడిందా? ఒక కంటికి తెర పడినట్టయిందా?’ ఐదు, పది నిమిషాల్లో తగ్గిపోయిందని చాలామంది దీన్ని ఎవరికీ చెప్పరు. కానీ రిపోర్ట్ అర్థం మొత్తం మార్చేసేది ఇదే. 1991లో వచ్చిన నాసెట్ స్టడీ చూడండి. ఇలాంటి లక్షణాలు వచ్చి, 70 శాతం పైన ఇరుకు ఉన్నవాళ్లలో మందులు మాత్రమే వాడితే రెండేళ్లలో 100 మందిలో 26 మందికి అదే వైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్ చేస్తే 9 మందికే. అదీ లక్షణాలు వచ్చిన రెండు వారాల్లోపు చేస్తే లాభం ఎక్కువ.

ఏ లక్షణమూ లేనివాళ్ల లెక్క వేరు. 60 శాతం, అంతకుమించి ఇరుకు ఉన్నవాళ్లపై 1995లో వచ్చిన అకాస్ స్టడీలో ఐదేళ్ల రిస్క్ మందులతో 100కి 11, ఆపరేషన్‌తో 5. అప్పటికి స్టాటిన్ మాత్రలు ఇంత వాడకంలో లేవు. ఇప్పుడు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ కంట్రోల్‌లో పెట్టి, సిగరెట్ మాన్పించి, స్కాన్‌లతో గమనిస్తూ ఉండటమే చాలామందికి సరిపోతోంది. లక్షణాలు లేని మామూలు జనానికి ఈ స్క్రీనింగ్ వద్దనే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2021లోనూ చెప్పింది. ప్యాకేజీలో ఉందని చేయించుకునే ముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

రిపోర్ట్ నార్మల్ వచ్చిందని బీపీ మాత్రలు ఆపేసేవాళ్లూ ఉంటారు. అది ఇంకా ప్రమాదం. ఈ స్కాన్ చూసేది మెడ వరకే. మన దేశంలో మెదడు లోపలి నాళాలు ఇరుకవడమూ ఎక్కువే, అది ఇందులో దొరకదు.

ఇక లక్షణాలు ఇప్పుడే మొదలైతే మాత్రం స్కానింగ్ సెంటర్‌కి పరుగెత్తొద్దు. 108కి కాల్ చేసి స్ట్రోక్ చూసే ఆస్పత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే టైమ్. లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో డాక్టర్ మొదటే అడుగుతారు, చెప్పగలిగేలా టైమ్ చూసి పెట్టుకోండి.