ఫోన్‌లో అప్‌డేట్ ఫెయిలైతే అదే వెనక్కి వస్తుంది.. మరి సర్వర్‌లో? మామిడి సీజన్ నేర్పిన పాఠం

ఫోన్‌లో అప్‌డేట్ ఫెయిలైతే మనం ఏం చేస్తాం? రీస్టార్ట్ చేసి, ఇంకోసారి డౌన్‌లోడ్ పెట్టి, టీ తాగి వస్తాం. అదే అప్‌డేట్ ఒక సర్వర్‌లో ఫెయిలై, ఆ సర్వర్ మీద ఒక ఫ్యాక్టరీ కాటా నడుస్తూ, గేటు బయట మామిడి లోడుతో ట్రాక్టర్లు నిలబడి ఉంటే? అలాంటి ఒక ఉదయం నేను చూశా. తప్పు కూడా నాదే. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కనపెట్టి, ఆ కథ రాస్తున్నా.

ఆరున్నరకి వచ్చిన ఫోన్

మా మామ చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేస్తాడు. జూన్, జూలై అంటే అక్కడ తోతాపురి సీజన్. పగలూ రాత్రీ లోడ్లు వస్తూనే ఉంటాయి. బండి లోపలికి వచ్చినప్పుడు కాయతో కలిపి ఒక తూకం, దించేశాక ఖాళీ బండికి ఇంకో తూకం. రెండింటి తేడా మీదే రైతుకి డబ్బులు. ఈ లెక్కంతా ఉంచే చిన్న సర్వర్ని రెండేళ్ల క్రితం, బీటెక్ అయిపోయిన కొత్తలో, నేనే సెటప్ చేసి ఇచ్చా. ఉబుంటు 22.04, ఒక డేటాబేస్, కాటా గదిలో బ్రౌజర్. అంతే.

నేనుండేది తిరుపతిలో. పొద్దున ఆరున్నరకి మామ ఫోన్.

"ఒరే, రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఏందేందో ఇంగ్లీషులో వస్తా ఉంది. బండ్లు నిలిచిపోయి ఉండాయిరా."

వీడియో కాల్‌లో చూపించాడు. కెర్నల్ పానిక్. రూట్ ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చేయలేకపోతున్నానని చెప్తోంది. నా గుండె జారిపోయింది. రాత్రి లోపలికొచ్చిన పదకొండు బండ్ల మొదటి తూకం అందులోనే ఉంది. కాయ దించేశారు కాబట్టి మళ్లీ తూచడానికి లేదు. ఆ అంకెలు పోతే ఏ రైతుకి ఎంత ఇవ్వాలో ఎవరికీ తెలీదు. బ్యాకప్ ఉందా? ఉంది. ఎక్కడ? అదే డిస్క్‌లో. ఆ మాట మామకి అప్పుడు చెప్పలేదు.

తప్పు బటన్, తర్వాత సరైన బటన్

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది గ్రబ్ మెనూ తెరిచి పాత కెర్నల్‌తో బూట్ చేయడం. ఉబుంటు కొత్త కెర్నల్ వేసినా పాతదాన్ని వెంటనే తీసేయదు. "షిఫ్ట్ నొక్కి పట్టుకో మామా" అన్నా. మూడుసార్లు చేశాడు, మెనూ రాలేదు. ఇక లాభం లేదని బస్సెక్కేశా. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు.

చంద్రగిరి దాటుతుంటే తట్టింది. షిఫ్ట్ పనిచేసేది పాత బయోస్ మెషీన్లలో. ఇది యూఈఎఫ్ఐ మెషీన్, దీనికి ఎస్కేప్ నొక్కాలి. వెంటనే ఫోన్ చేశా. "కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారే నొక్కు మామా. టకటకా నొక్కితే మెనూ దాటిపోయి ఖాళీ ప్రాంప్ట్ వస్తుంది."

రెండో ప్రయత్నంలో మెనూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు, అందులో పైనున్నది వదిలేసి తర్వాతి కెర్నల్. ఎంటర్. ఒక నిమిషం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామ గొంతు: "వచ్చిందిరా, లాగిన్ అడగతా ఉంది."

అసలు ఏం జరిగిందంటే

ఫ్యాక్టరీకి వెళ్లి లాగ్స్ తీశా. ఏం ఇన్‌స్టాల్ అయ్యిందో, ఎక్కడ ఆగిందో ఏపీటీ, డీపీకేజీ లాగ్స్‌లో తేదీతో సహా ఉంటుంది. చూస్తే అప్‌డేట్ ఫెయిలైంది ఆ రాత్రి కాదు. పంతొమ్మిది రోజుల ముందు!

ఉబుంటు సర్వర్‌లో సెక్యూరిటీ అప్‌డేట్స్ వాటంతట అవే ఇన్‌స్టాల్ అయ్యే ఏర్పాటు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. అది కొత్త కెర్నల్ తెచ్చింది. ప్రతి కెర్నల్‌కి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే తోడు ఫైల్ ఒకటి తయారవ్వాలి. డిస్క్‌ని ఎలా చదవాలో బూట్ సమయంలో కెర్నల్‌కి చెప్పేది అదే. ఆ ఫైల్ రాయడానికి బూట్ పార్టిషన్‌లో చోటు లేదు. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఆగిపోయింది. మెయిన్ డిస్క్‌లో వందల జీబీ ఖాళీ ఉంది. కానీ బూట్ పార్టిషన్ వేరు, దానికి నేను ఇచ్చింది 500 ఎంబీ. ఎందుకంత తక్కువ? అప్పట్లో ఎక్కడో చూసిన గైడ్‌లో అంతే ఉంది, ఆలోచించకుండా కాపీ కొట్టా.

తర్వాత గ్రబ్ మెనూ మళ్లీ తయారైనప్పుడు ఆ సగం కెర్నల్ కూడా జాబితాలో పైకి ఎక్కి కూర్చుంది. సర్వర్ మాత్రం పాత కెర్నల్ మీదే హాయిగా నడుస్తోంది. రీస్టార్ట్ చేస్తే కదా తెలిసేది! కరెంటు పోయి ఆ రీస్టార్ట్ చేయించింది. అప్‌డేట్ ఫెయిలైన రోజు వేరు, అది మనకి తెలిసిన రోజు వేరు. సర్వర్ విషయంలో భయపడాల్సింది ఈ గ్యాప్‌కే.

సరిచేసిన వరుస ఇదీ

మీకూ ఉబుంటు లేదా డెబియన్ మెషీన్‌లో ఇలాంటిది వస్తే, ఈ వరుసలో వెళ్లండి.

1. పాత కెర్నల్‌తో బూట్ అవ్వగానే డేటాబేస్ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. రిపేర్ తర్వాత.

2. డీఎఫ్ కమాండ్‌తో ఏ పార్టిషన్ నిండిందో చూడండి. మొత్తం డిస్క్ ఖాళీగా ఉందని మోసపోకండి.

3. యూనేమ్ కమాండ్‌తో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఏదో రాసుకోండి. దాన్ని మాత్రం తీసేయకూడదు.

4. మామూలుగా ఏపీటీ ఆటోరిమూవ్‌తో పాత కెర్నల్స్ పోతాయి. నాకు అదీ మొరాయించింది. ముందు సగంలో ఉన్న ప్యాకేజీని పూర్తి చేయమంటుంది, పూర్తి చేద్దామంటే చోటు లేదు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు! అప్పుడు అన్నిటికంటే పాత కెర్నల్‌ని డీపీకేజీతో పేరు పెట్టి తీసేశా.

5. చోటు వచ్చాక డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్‌తో ఆగిపోయిన ప్యాకేజీలన్నీ పూర్తి చేయండి. ఆ తర్వాత ఏపీటీ ఫిక్స్ బ్రోకెన్. చివరికి గ్రబ్ అప్‌డేట్.

6. మీరు అక్కడే ఉండగా రీస్టార్ట్ చేసి చూడండి. ఇది చేయకపోతే పై ఐదూ చేసినట్టు కాదు.

ఇంకో మాట. అప్‌డేట్ చేస్తుంటే లాక్ దొరకలేదని ఎర్రర్ వస్తే, ఆ లాక్ ఫైల్ డిలీట్ చేయమని చాలామంది చెప్తారు. చేయకండి. వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని దాని అర్థం. అది అయ్యేదాకా ఆగితే చాలు. మధ్యలో చెడగొడితే ప్యాకేజీలు సగంలో ఇరుక్కుంటాయి.

ఫోన్‌కి ఉన్నది, నా సర్వర్‌కి లేనిది

ఆండ్రాయిడ్ 7.0తో 2016లో ఏ/బీ అప్‌డేట్స్ వచ్చాయి. ఫోన్‌లో సిస్టమ్‌కి రెండు స్లాట్లు ఉంటాయి. మీరు ఒకదాని మీద ఫోన్ వాడుతుంటే అప్‌డేట్ రెండోదాంట్లోకి ఎక్కుతుంది. కొత్తది బూట్ కాకపోతే ఫోన్ దానంతట అదే పాత స్లాట్‌కి వచ్చేస్తుంది. అన్ని బ్రాండ్లూ వెంటనే తీసుకోలేదనుకోండి. శాంసంగ్ అయితే 2024లో గెలాక్సీ ఏ55తో గానీ మొదలుపెట్టలేదు. మామూలు ఉబుంటు సర్వర్‌లో ఈ తెలివి ఉండదు. పాత కెర్నల్ ఉంటుంది కానీ దాన్ని ఎంచుకోడానికి ఒక మనిషి కీబోర్డు ముందు నిలబడాలి.

ఇది చిన్నవాళ్ల సమస్యే అనుకోకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ ఏం చేసిందో గుర్తుందా? మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైల్ పంపింది. 10:57కి వెనక్కి తీసుకుంది. ఆ గంటా పద్దెనిమిది నిమిషాల్లోనే దెబ్బ తగిలిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దెబ్బతిన్న విండోస్ మెషీన్లు 85 లక్షలు. కంపెనీ ఫైల్ వెనక్కి తీసుకున్నా బ్లూ స్క్రీన్‌లో ఇరుక్కున్న మెషీన్‌కి ఆ సంగతి చేరదు. చాలాచోట్ల మనిషి వెళ్లి సేఫ్ మోడ్‌లోకి బూట్ చేసి ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ ఉన్నవాటికి రికవరీ కీ కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఇండిగో వాళ్లు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. ఆ ఫొటోలు చూసి అప్పుడు నేనూ నవ్వా.

మామ నోట్‌బుక్

చిత్తూరులో నవ్వు రాలేదు. నేను వెళ్లేసరికి గేటు బయట క్యూ కదులుతోంది. కాటా దగ్గరి డిజిటల్ డిస్‌ప్లేకి సర్వర్‌తో పని లేదు, బరువు చూపిస్తూనే ఉంటుంది. మామ ఆ అంకెలు చూసి చీటీలు రాసి ఇస్తున్నాడు. మరి రాత్రి పదకొండు బండ్లు? అవీ ఒక పొడుగాటి నోట్‌బుక్‌లో ఉన్నాయి. బండి నంబరు, రైతు పేరు, తూకం, టైమ్. రెండేళ్లుగా ప్రతి బండీ అందులో రాస్తూనే ఉన్నాడట. ఇంకా ఈ పుస్తకం ఎందుకు మామా అని పోయిన సీజన్లో ఎగతాళి చేసింది నేనే.

డేటాబేస్‌లో ఉన్న అంకెలతో కలిపి చూశాం. పదకొండుకి పదకొండూ సరిపోయాయి.

"నీ కంప్యూటర్ మీద నమ్మకం లేక కాదురా," అన్నాడు మామ, "కరెంటు మీద లేక."

ఇప్పుడు ఆ సర్వర్‌లో నాలుగు మార్పులు చేశా. బూట్ పార్టిషన్ 2 జీబీ. రోజూ రాత్రి బ్యాకప్ ఇంకో మెషీన్‌లోకి. ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపలేదు, ఆపితే సెక్యూరిటీ గాలికి వదిలేసినట్టే. కానీ ఫెయిలైతే నాకు మెయిల్ వస్తుంది. నెలకోసారి, బండ్లు లేని టైమ్ చూసి, నేను లైన్‌లో ఉండగా రీస్టార్ట్. ఐదోది మార్పు కాదు, ఉన్నదే: కాటా గదిలో ఆ నోట్‌బుక్. ఈ సీజన్‌కి కొత్తది నేనే కొనిచ్చా.