మూలనున్న హార్మోనియం పెట్టె మళ్ళీ పలుకుతుందా?

రామమందిరం వెనుక గదిలోనో, ఒకప్పటి నాటక సమాజం పెద్దల ఇంటి అటక మీదనో గోనెపట్టా కప్పిన కాలి హార్మోనియం ఉన్న ఊళ్ళు ఉమ్మడి గుంటూరు జిల్లాలో ఇంకా ఉన్నాయి. స్థానం నరసింహారావు బాపట్లవారు. ఈలపాట రఘురామయ్య సుద్దపల్లివారు. పద్యం వినడానికి తెల్లవార్లూ కూర్చున్న ప్రాంతం ఇది. మైకులు లేని రోజుల్లో నటుడి గొంతుకు అండ ఆ పెట్టే. కాలితో గాలి కొడుతూ రెండు చేతులతో వాయించే వీలుండడం వల్ల, పద్యం ముగిశాక రాగాన్ని అందుకొని నటుడు ఊపిరి తీసుకునే దాకా నిలబెట్టేది హార్మోనిస్టే. ఇది ఐరోపా నుండి వచ్చిన వాయిద్యం, గమకం పలకదు అంటూ 1940లో రేడియో వారు నిషేధించారు. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. మన నాటకాలవారు మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు.

ఇప్పుడు వేదిక మీదికి కరెంటు కీబోర్డులు వచ్చాయి. పాత పెట్టె సంగతి వచ్చేసరికి పాతసామాను వర్తకుడు ఇచ్చినంత పుచ్చుకొని వదిలించుకునేవారు కొందరు. పైన పాలిష్ పట్టించి బాగుచేయించామనుకునేవారు మరికొందరు. ఈ రెండింటిలో ఏది చేసే ముందైనా ఒక పూట కూర్చొని పెట్టెను పరీక్షించవలసి ఉంది. మెత్తని కుంచె, సుద్దముక్క, అగరువత్తి, స్క్రూడ్రైవరు ఉంటే చాలు.

దించగానే తొక్కి వాయించబోవద్దు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము గాలితో పాటు రీడ్లలోకి పోతుంది. మొదట మూత తీసి చూడండి. ఎలుక గూడు, చిమ్మెట కొట్టిన గుడ్డ, చెద మట్టి ఏది ఉన్నా అప్పుడే కనిపిస్తుంది. కుంచెతో దులపండి. తడిగుడ్డ వద్దు. మెట్లు బిగుసుకున్నాయని నూనె చుక్కలు వేయడం అసలే వద్దు. నూనె కిందికి దిగి తోలును పాడుచేస్తుంది.

తరువాత తిత్తి. మెట్టు ఏదీ నొక్కకుండా నిండుగా గాలి కొట్టి కాలు తీయండి. తిత్తి నెమ్మదిగా దిగితే మంచిదే. ఒక్కసారిగా కూలిపోతే గాలి ఎక్కడో పోతున్నట్టు. ఒకరు తొక్కుతూండగా మరొకరు వెలిగించిన అగరువత్తిని మడతల వెంబడి కాస్త ఎడంగా తిప్పితే, కారే చోట పొగ చెదురుతుంది. తిత్తి పోయిందని బెంగ పడనక్కరలేదు. అది గుడ్డ, అట్ట, తోలు. పనివాడు కొత్తది కట్టగలడు.

అసలు ప్రాణం రీడ్లలో ఉంది. ఇత్తడి పలక మీద ఒక కొసన బిగించిన సన్నని ఇత్తడి నాలుక గాలికి కదిలితే వచ్చేదే స్వరం. మూడున్నర స్థాయిల పెట్టెలో సాధారణంగా 42 మెట్లు ఉంటాయి. రెండు వరుసలైతే 84 రీడ్లు. స్టాపు ఒక్కొక్కటే తెరిచి, మెట్టు వెంట మెట్టు నొక్కుతూ, తేడా పలికిన దాని మీద సుద్దతో గుర్తు పెట్టండి. మెట్టు నొక్కినా పలకకపోతే రీడు సందులో దుమ్ము ఉండవచ్చు, నాలుక విరిగి ఉండవచ్చు. మొదటిది కుంచెతో పోతుంది. రెండోదానికి రీడు మార్చవలసిందే. గరగరమంటే నాలుక పలకకు రాచుకుంటున్నట్టు, లేదా మర వదులైనట్టు. నొక్కకుండానే మోగుతుంటే మెట్టు కింద తోలు సరిగా మూసుకోవడం లేదన్నమాట. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఇలాగే మోగుతుంది. శ్రావణ మాసంలో చిత్రిక పట్టించి, ఎండాకాలం వచ్చాక సందులు పడ్డాయని వాపోవడం కంటే నాలుగు నెలలు ఆగడం మేలు.

ఇక చెక్క. రీడ్లు బిగించిన పలకను జాగ్రత్తగా చూడాలి. అది నిలువునా చీలి ఉంటే ఖర్చు బాగా పెరుగుతుంది. పైపెట్టె సంగతి వేరు. టేకు చెక్కయితే చెదపట్టిన ముక్క తీసి వేరే ముక్క అతకవచ్చు. ఇంట్లోవాళ్ళు ఫెవికాల్ పూసి ఉంటేనే చిక్కు. పాతకాలపు వడ్రంగులు వాడిన వజ్రం వేడికీ తడికీ ఊడి వస్తుంది. ఇది రాదు, చెక్కనే చీల్చుకొని వస్తుంది.

రీడ్లలో ఎక్కువ భాగం పలుకుతూ, పలక చీలకుండా ఉంటే పెట్టెను బాగుచేయించుకోవడమే సబబు. రీడ్లు బాగుండి పెట్టె పూర్తిగా చెదల పాలైతే, వాటిని వేరే పెట్టెలో బిగించుకోవచ్చు. రీడ్లే పాడై, పలకా చీలితే దానికి డబ్బు పోయడం వృథా.

శ్రుతి విషయంలో తొందర పనికిరాదు. నాలుక కొసన గీకితే స్వరం హెచ్చుతుంది, మొదట గీకితే తగ్గుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు. కీబోర్డుతో కలపాలని మొత్తం రీడ్లు గీకించేవారున్నారు. తబలాతో, గొంతుతో మాత్రమే వాయించే పెట్టెకు ఆ అవసరం లేదు. తమలో తాము కలిసి ఉంటే చాలు.

పాత విదేశీ రీడ్లకు పనివాళ్ళలో గిరాకీ ఉంది. పారిస్, జర్మనీ రీడ్లు వేసిన పెట్టెలు ఇంకా దొరుకుతాయి. గుజరాత్‌లోని పాలిటానాలో చేసినవీ మంచి పేరున్నవే. అందుచేత మరమ్మతుకు ఇచ్చే ముందు రీడ్ల వరుసలను, వాటి మీది అక్షరాలను సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. ఏవి మార్చాలో సంఖ్య వేసి కాగితం మీద రాయించుకోండి. తీసేసిన రీడ్లు కూడా తిరిగి ఇమ్మని అడగండి. ఇందులో మొహమాటం అక్కరలేదు, నిజాయితీగల పనివాడు తప్పు పట్టడు.

ఇంటికి వచ్చాక నేల మీద కాక పీట మీద, పాలిథిన్ కాక నూలు గుడ్డ కప్పి ఉంచాలి. మొదటి నెల రోజూ కాసేపు ఎవరో ఒకరు వాయించాలి. కొత్త తోలు, గీకిన రీడ్లు సర్దుకున్నాక శ్రుతి మరోసారి సరిచూడవలసి వస్తుంది. ఆ రెండో విడత కూలి కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది.