ఒంటరి యింట బరువు బీరువా

ఇంట నొంటిగ నుండువారు బరువైన సామానును జరుపుకొనుట యెట్లు అను విషయమును గూర్చి యీనాడు ప్రసంగించుచున్నాను. ఇదియు నొక పండితుడు మాటాడవలసిన విషయమేనా యని కొందరు నవ్వవచ్చును. ముప్పదియేండ్లకు పైగా బడిలో సంధులును సమాసములును చెప్పిన నాకు, ఈ చిన్న విద్య రాజాములోని మా యింట కాలికి దెబ్బ తగిలిన పిమ్మటనే యలవడినది.

నా భార్య గతించిన నాటినుండి నేనొక్కడనే యున్నాను. పిల్లలు దూరదేశములలో నుద్యోగములు చేయుచున్నారు. మా తండ్రిగారి నాటి టేకుబీరువా యొకటి పడమటి గోడ నానుకొని యుండెను. ఎత్తు ఆరడుగులు, లోతు అడుగున్నర; నిండ పుస్తకములు. ఒక శ్రావణమాసపు సాయంకాలమున దాని వెనుక గోడపై సన్నని మట్టిచార కనబడినది. చెదలు! నేను చిన్ననాట గురువుగారి కడ చదువుకొన్న వ్యాకరణగ్రంథములన్నియు క్రిందియరలోనే యున్నవి. వానిని తలచుకొనగానే నా గుండె జారిపోయినది. ఈ ముసలివాడు బీరువాతో కుస్తీ పట్టుట ఇరుగుపొరుగువారు చూతురేమో యను సిగ్గుచేత వీధితలుపు గడియ వైచికొని, పెరటిలోని గునపమును తెచ్చితిని.

పుస్తకములు తీయకపోవుట నా మొదటి తప్పు. మూడడుగుల యర నిండ పుస్తకములు పేర్చినచో పాతిక కిలోలకు తగ్గదు. అట్టి యరలైదు. నునుపైన గచ్చుమీద గుండ్రని రాయి నానికగా పెట్టుట రెండవ తప్పు. అంచు లేచినది, దాని క్రింద నొక కొయ్యముక్కను త్రోసితిని, అంతలో రాయి దొర్లి గునపము జారినది. కొయ్యముక్క బరువును చాలవరకు మోసినందున ఎముక విరుగలేదు గాని, కుడిపాదము చిక్కుకొనిపోయినది. సెల్‌ఫోను లోపలిగదిలో నున్నది. తలుపునకు గడియ. చీకటి పడుచున్నది.

బొబ్బిలి యుద్ధము 1757 జనవరిలో జరిగినపుడు తాండ్ర పాపారాయడు మా రాజామునందే యుండెననియు, వార్త సకాలమున చేరకపోవుటచే సాయమునకు వెళ్లలేకపోయెననియు ప్రతీతి. ఆ కథను పిల్లలకు నెన్నిసార్లు చెప్పితినో! ఆ సాయంకాలము గోడ కావలనే పదిమంది యుండియు నాకు లేనివారే యైరి. పాలు పోయునామె వచ్చి తలుపు తట్టిన పిమ్మట, ఆమె కొడుకు పెరటిగోడ దూకి వచ్చి నన్ను విడిపించెను. ఆమె యన్న మాట యిది: "మేష్టరు బాబూ, ఒక్క కేకేస్తే మా గుంటడొచ్చి సాయం పట్టడా?" నేను బదులు పలుకలేకపోయితిని. ఆ బాలుడు ఆ రాత్రియే పుస్తకములన్నియు దింపి పెట్టినాడు. అట్టలు రెండు మాత్రమే చెదలపాలైనవి.

నెల గడచి పాదము నయమైన తరువాత, గోడకు మందు పూయుటకై బీరువాను మరల జరుపవలసి వచ్చినది. ఈ పర్యాయము ఆలోచించి చేసితిని. నాగార్జునసాగర జలాశయమున మునిగిపోకుండ నాగార్జునకొండలోయలోని ప్రాచీనకట్టడములను కొన్నింటిని విప్పి, పైకి చేర్చి, మరల గట్టిరి గదా. బీరువాకును ఆ నీతియే. పుస్తకములు, అరపలకలు, సొరుగులు ముందుగ నీవలికి రావలెను. తలుపులు తెరచుకొనకుండ త్రాటితో బిగించవలెను.

ఇక గునపము. పొలములో ఏతము నెరిగినవారికి దీని మర్మము క్రొత్త గాదు. ఖాళీ బీరువా 120 కిలోలనుకొందము. ఒక యంచును మాత్రమే లేపునపుడు అందు సగము, 60 కిలోలు, మనపై బడును. 54 అంగుళముల గునపమును మొనకు 4 అంగుళముల దూరమున చదునైన కొయ్యదిమ్మపై నానించినచో, మన చేతివైపు 50 అంగుళములు మిగులును. అప్పుడు ఐదు కిలోల యొత్తిడియే చాలును! ఇంత సులభమగుటయే ప్రమాదము. అడుగున్నర లోతును ఆరడుగుల యెత్తును గల బీరువా ఒక యంచున నాలుగంగుళములకు పైగా లేచినచో, ఆవలికి తనంత తానే పడును. పై యరలలో బరువున్నచో ఇంకను ముందే పడును. అంగుళము లేపిన చాలును. ఆ సందులోనికి గోనెసంచిని కఱ్ఱతో త్రోయవలెను. చేతిని గాని కాలిని గాని పెట్టరాదు.

గోనెసంచికి మా యూర కొదువ లేదు. చుట్టుప్రక్కల గోగు పండును. ఊర జనపనార మిల్లులు గలవు. నాలుగు మడతలు పెట్టిన గోనె కోళ్ల క్రింద నుండిన, మొరకుగచ్చుమీద బీరువా గీతలు పడకుండ జారును. నునుపుబండలమీద పాతకంబళి మేలు. దొర్లింపవచ్చునని రోకలినొకదానిని పెట్టి చూచితిని గాని, పొన్నుగల కొన లావై యుండుటచే బీరువా ఒకవైపునకు తిరిగిపోయినది. ఇనుపగొట్టపు ముక్కలైనచో నేమో గాని, రోకలిని దంచుటకే యుంచుడు.

త్రోయునప్పుడు చేతులు మోకాలియెత్తున నుండవలెను. రొమ్మెత్తున త్రోసినచో కోళ్లు కదలకమునుపే తల వాలును. ఒక ప్రక్క జానెడు, పిమ్మట రెండవప్రక్క జానెడు, బిడ్డకు నడక నేర్పినట్లు జరుపవలెను. అది వాలదగిన వైపున నెన్నడును నిలువరాదు.

నేనట్లే చేసితిని. పాలామె కొడుకును పిలిచి గుమ్మములో కూర్చుండబెట్టితిని. వాడొక్క చేయియైనను వేయలేదు, నేను వలదంటిని. నడుమ రెండుమారులు మాత్రము "ఆగండి మాస్టారూ, ఎనకాల కోడు సంచీ మీంచి దిగిపోతంది" అని హెచ్చరించెను. బీరువా వెనుకటి కోడు దానిని త్రోయువానికి కనబడదు. ఒంటరివానికి లోటు బలము గాదు, ఆ రెండవ జత కండ్లు.

ఇప్పుడా బీరువా గోడకు జానెడెడముగ నున్నది. నెలకొకసారి దీపము పట్టి వెనుక చూచుకొనుచున్నాను. వీధితలుపు గడియ మాత్రము రాత్రి నిద్రించువరకు వేయుట మానితిని.