ప్లాంటు గేటు బయట కూడా పని ఉంది!

అమెరికాలోని నార్త్ డకోటాలో షేల్ చమురు జోరందుకున్నప్పుడు లారీలు, లాడ్జీలు, హోటళ్లు నడిపినవాళ్లకూ చేతినిండా పని దొరికింది. 2014 చివర్లో ధర పడిపోయాక చాలామంది రోడ్డున పడ్డారు.

మన మడకశిరలో షేల్ లేదు, ఎండ ఉంది. సరిహద్దు దాటితే పావగడ. అక్కడ రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది.

ప్లాంటు కట్టే పని కట్టడంతోనే అయిపోతుంది. ప్యానెళ్లు తుడవడం, గడ్డి కోయడం, ఇన్వర్టర్ల రిపేర్లు, సిబ్బందికి బండ్లు, భోజనాలు మాత్రం ఏళ్ల తరబడి ఉండే పనులు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లయితే ‘సూర్యమిత్ర’ శిక్షణ గురించి కనుక్కోండి. డిగ్రీవాళ్లా? టెండరు కాగితాలు చదవడం నేర్చుకోండి. అప్పు చేసి బండి కొనేముందు ఒక్కటే అడగండి: కాంట్రాక్టు ఎన్నేళ్లు, బండి కిస్తీ ఎన్నేళ్లు?