పద్దుపుస్తకంలో కనిపించని పన్ను

ఆదాయపు పన్ను లేదని నిశ్చింతగా ఉన్న కుటుంబం కూడ ప్రతి పూటా పన్ను కడుతూనే ఉంటుంది. అది ఎక్కడెక్కడ పడుతున్నదో తెలుసుకుంటే, ఖర్చు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించరాదో తెలుస్తుంది.

ఉగాదినాడు తెలుగువారి ఇంట పంచాంగ శ్రవణంలో అందరూ చెవి ఒగ్గి వినేది ఆదాయ వ్యయాల లెక్క. తమ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినిపిస్తే నవ్వి ఊరుకొనేవారు కొందరు, నిట్టూర్చేవారు కొందరు. దానికి కొన్ని వారాల ముందే ఢిల్లీలో మరొక పంచాంగ పఠనం జరుగుతుంది. పూర్వం ఫిబ్రవరి చివరి దినాన, 2017 నుంచి ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి చదివే బడ్జెట్ అది. ఉద్యోగస్థుడు అందులో వెదికేది ఆదాయపు పన్ను గురించిన రెండు మూడు వాక్యాలనే. అవి తనకు అనుకూలంగా ఉంటే ఆ ఏటికి గండం గడిచిందని భావిస్తాడు.

కాని సామాన్య గృహస్థు జేబును ఎక్కువగా తడిమేది ఆ పన్ను కాదు. ధరలోనే కలిసిపోయి, రసీదు చూస్తే తప్ప తెలియకుండా వసూలయ్యే పన్ను వేరొకటి ఉంది. పొదుపు చేయదలచిన ఇల్లు ముందుగా గుర్తుపట్టవలసినది దానిని.

నూటికి 97 రూపాయలు

మన దేశంలో ఆదాయపు పన్నుకు పుట్టిన సంవత్సరం 1860. సిపాయిల తిరుగుబాటును అణచడంలో ఖాళీ అయిన ఖజానాను నింపడానికి జేమ్స్ విల్సన్ దానిని ప్రవేశపెట్టాడు. స్వాతంత్ర్యానంతరం ఆ పన్ను అంచెలంచెలుగా పెరిగి 1973-74లో పరాకాష్ఠ నందుకున్నది. ఆ ఏడు 2 లక్షలు దాటిన ఆదాయంపై 85 శాతం పన్ను, ఆ పన్నుపై మరల 15 శాతం సర్‌చార్జి ఉండేవి. వెరసి 97.75 శాతం. అంటే ఆ మెట్టుపైన సంపాదించిన ప్రతి 100 రూపాయలలో మిగిలేది 2 రూపాయల పావలా మాత్రమే.

ఆ కాలంలో దెబ్బ తిన్నది ధనికులు మాత్రమే కాదు. 1973 అక్టోబరు యుద్ధం తరువాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర నాలుగింతలకు చేరువైంది. 1974-75లో టోకు ధరలు సుమారు పాతిక శాతం పెరిగాయి. ధరలను అదుపు చేయడానికి ప్రభుత్వం 1974లో నిర్బంధ డిపాజిట్ చట్టం తెచ్చి ఉద్యోగుల జీతాల పెంపు మొత్తాన్ని, అదనపు కరువు భత్యంలో సగాన్ని చేతికందకుండా జమ కట్టించింది. వస్తువుల ధర పెరిగింది, పెరిగిన జీతం మాత్రం కాగితంమీదనే ఉండిపోయింది.

ఆ తరువాత ఆదాయపు పన్ను క్రమంగా దిగివచ్చింది. గరిష్ఠ రేటు 1985లో 50 శాతానికి, 1997లో 30 శాతానికి తగ్గింది. 2025 బడ్జెట్ ప్రకారం, మూలధన లాభాల వంటి వాటిని మినహాయిస్తే, కొత్త పద్ధతి ననుసరించేవారికి ఏటా 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను లేదు. జీతగాండ్రకు ఈ హద్దు 12 లక్షల 75 వేలు. నెలకు 40 వేలు తెచ్చే గుమస్తా ఈ లెక్కన ఆదాయపు పన్ను పైసా కట్టనక్కరలేదు. అయినా అతని ఇల్లు పన్ను కడుతూనే ఉంది.

ఉప్పు నేర్పిన పాఠం

ఆంగ్లేయుల కాలంలో ఉప్పుపన్నును జనం ఎందుకు అసహ్యించుకున్నారు? జమీందారూ కూలివాడూ తినే ఉప్పు దాదాపు ఒకటే. పన్ను కూడ ఒకటే. కాని ఆ పన్ను జమీందారుకు లెక్కలోనికి రాదు, కూలివానికి గంజిలో కోత. 1930లో గాంధీజీ దండి యాత్రకు ఉప్పునే ఎన్నుకోవడంలోని అంతరార్థం ఇదే. ఆ పన్ను 1947లో రద్దయింది, ఈనాటికీ ఉప్పుపై జి.ఎస్.టి. లేదు. కాని వస్తువుపై వేసే ప్రతి పన్నులోను ఈ గుణం కొంత ఉంటుంది. కొనేవాని తాహతును అది అడగదు.

2017 జులై 1న వచ్చిన జి.ఎస్.టి. అంతకు ముందున్న అనేక పన్నులను ఒకటిగా చేసింది. 2025 సెప్టెంబరు 22న దాని రేట్లను సరళం చేసి ముఖ్యంగా 5, 18 శాతాలకు కుదించారు. శీతల పానీయాలవంటి వాటికి 40 శాతం. పెట్రోలు, డీజిలు, మద్యం ఇందులో చేరలేదు. వాటిపై కేంద్ర, రాష్ట్రాల పన్నులు వేరుగా ఉంటాయి. పెట్రోలుపై కేంద్ర సుంకం 2020 మే నెలలో లీటరుకు 32 రూపాయలు దాటింది. 2022 మే నెలలో 20 రూపాయల లోపుకు దిగింది. రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను దీనికి అదనం. బండి ఎక్కినవాడు మీటరుతోపాటు పన్నును కూడ తిప్పుతున్నాడన్నమాట.

మూడు గడుల లెక్క

ఇల్లాలు సాధారణంగా పద్దు వ్రాసేటప్పుడు పాలు, కూరలు, పచారీ సామాను, కరెంటు, బడి ఫీజు అని విభజిస్తుంది. ఒక్క నెలపాటు ఆ పద్దులనే మరొక తీరున వ్రాసి చూడాలి. మొదటి గడిలో పన్ను లేనివి, రెండవ గడిలో 5 శాతం పన్నువి, మూడవ గడిలో 18 శాతం, అంతకు మించినవి.

మొదటి గడిలో పాలు, గుడ్లు, కూరగాయలు, విడిగా కొన్న బియ్యం పప్పులు, బడి ఫీజు, వైద్యునికి చెల్లించే ఫీజు, నివాసానికి ఇచ్చే అద్దె చేరుతాయి. 2025 మార్పుల తరువాత వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా కూడ ఈ గడిలోనికి వచ్చాయి.

రెండవ గడిలో నూనె, పంచదార, టీ, కాఫీ, నెయ్యి, ఒంటి సబ్బు, పళ్ళపొడి, చాలా మందులు, వంటగ్యాసు ఉంటాయి. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు సంచిలో కట్టి పేరు ముద్రించిన బియ్యానికి కూడ 5 శాతం పడుతున్నది. కిలో 60 రూపాయల బియ్యం 25 కిలోలు తెస్తే ఈ పన్ను 75 రూపాయలు. సంచి 25 కిలోలు దాటితే అది లేదు. తెలుగునాట బియ్యం కొట్లలో 26 కిలోల బస్తాలు వెలిసిన రహస్యం ఇదే.

మూడవ గడే అసలైనది. సెల్‌ఫోను రీచార్జి, ఇంటర్నెట్, ఇంట్లో చూసే సినిమాల చందాలు, బ్యాంకు రుసుములు, కోచింగు ఫీజులు, టెలివిజను, ఎయిర్ కండిషనరు, బట్టలుతికే పొడి ఇందులోనివి. 299 రూపాయల రీచార్జిలో 45 రూపాయల పైచిలుకు పన్నే. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ప్రతి విడతకూ 180 రూపాయలు ప్రభుత్వానికి వెళుతున్నాయి. క్రెడిట్ కార్డు బాకీ మిగిల్చితే నెలకు 3 శాతం పైన వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం దాటిన వడ్డీ, ఆ వడ్డీపై మరల 18 శాతం పన్ను. ఇంతటి భారం ఏ ఆర్థికమంత్రీ వేయలేదు. ఇది గృహస్థు తనకు తాను విధించుకున్న పన్ను.

కోత ముందు పడేది ఎక్కడ?

ఈ మూడు గడులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విపరీతం బయటపడుతుంది. మూడవ గడిలోని ఖర్చులలో చాలావరకు బ్యాంకు ఖాతానుంచి తమంతట తామే జారిపోతాయి. చేతితో లెక్కపెట్టి ఇవ్వవలసిన పని లేదు కనుక మనసుకు తగలదు. మొదటి గడిలోని పాలూ కూరలూ మాత్రం ప్రతి ఉదయం ఇల్లాలి చేతిమీదుగా, నాణెం నాణెంగా పోతాయి. అందుచేత ఇబ్బంది వచ్చినప్పుడు కత్తెర ముందు అక్కడే పడుతుంది. అరలీటరు పాలు తగ్గుతాయి. గుడ్డు వారానికి ఒకసారికి వస్తుంది. పండు పండుగకు మాత్రమే వస్తుంది. అందరూ తిన్న తరువాత మిగిలినది తాను తినే తల్లి కంచంలో ఆ కోత మరింత లోతుగా దిగుతుంది.

ఇది ఊహ కాదనడానికి ప్రభుత్వ లెక్కలే సాక్ష్యం. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్లలోపు స్త్రీలలో 57 శాతం, అయిదేండ్లలోపు పిల్లలలో 67 శాతం రక్తహీనతతో ఉన్నారు. దీనికి కారణాలు అనేకం ఉండవచ్చు. కాని ఇటువంటి ఇండ్లలో పాలమీద, పప్పుమీద చేసే ఆదా పొదుపు కాదు. అది రేపటి వైద్యునికి ఈనాడే చెల్లించే బయానా.

అందుచేత నియమం ఒకటే. కోత మూడవ గడి నుంచి మొదలుపెట్టి క్రిందికి రావాలి. మొదటి గడిని చివరివరకు ముట్టరాదు. మూడవ గడిలో 118 రూపాయల ఖర్చు మానితే వస్తువు ధర 100తోపాటు పన్ను 18 కూడ మిగులుతుంది. పైగా మిగిల్చిన రూపాయిపై ఎవరూ పన్ను వేయరు.

వంటగదిలో, మీటరు దగ్గర

మిగిలిన మార్గాలు మన ఇండ్లలో పెద్దలు చెప్పినవే. వాటికి అంకెలు తోడైతే బలం చేకూరుతుంది. పప్పును ముందుగా నానబెట్టి ప్రెషర్ కుక్కరులో ఉడికించడం, గిన్నెమీద మూత వేయడం, ఉడుకు పట్టిన తరువాత మంట తగ్గించడం సిలిండరును కొన్ని రోజులు ఎక్కువ నడిపిస్తాయి. చిన్న బర్నరు పెద్దదానికంటె 6 నుంచి 10 శాతం తక్కువ గ్యాసు తీసుకుంటుందని పెట్రోలియం పొదుపు సంస్థ ఏనాటినుంచో చెబుతున్నది.

కరెంటు సంగతి చూడండి. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. అదే వెలుగు నిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపానికి ఒకటిన్నర యూనిట్టు కూడ పట్టదు. 75 వాట్ల సీలింగు ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 34 యూనిట్లు. కొత్త రకం బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 14 లోపే. ఫ్యానుకు 20 యూనిట్ల ఆదా. విద్యుచ్ఛక్తి రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది కనుక తగ్గే యూనిట్లు అన్నిటికంటె పై మెట్టువి, అత్యంత ప్రియమైనవి. పాత ఫ్యాను పాడయినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవడం మంచిది. ఎయిర్ కండిషనరు ఉన్నవారు వేడిమిని ఒక్క డిగ్రీ పైకి పెట్టుకుంటే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ సూచన.

బాకీ లేని పన్ను కట్టవద్దు

న్యాయమైన పన్ను చెల్లించడం పౌరధర్మం. పన్ను కానిదానిని పన్నుగా భ్రమించి చెల్లించడం మాత్రం ధర్మం కాదు, అజాగ్రత్త. పొట్లంపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ ఇమిడే ఉంటాయి. దానిపైన మరల పన్ను అడగడం చట్టవిరుద్ధం. పైగా అది గరిష్ఠ ధర మాత్రమే, అంతకు తగ్గించి ఇమ్మని అడగడానికి మొగమాటం అనవసరం. హోటలు బిల్లులో కనిపించే సర్వీసు చార్జి పన్ను కాదు. కొనుగోలుదారును అడగకుండా దానిని బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో ఆదేశించింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ ఆదేశాన్ని సమర్థించింది. రసీదు అడిగి పుచ్చుకోవడం, దానిని ఒకసారి చదవడం, ఈ రెండు అలవాట్లకు ఖర్చు లేదు.

ఆదాయపు పన్ను విషయంలోను ఒక జాగ్రత్త అవసరం. పన్ను రాయితీ కోసమే మార్చి నెలలో తొందరపడి పాలసీలు కొనడం చాలామందికి అలవాటు. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపులు చాలావరకు లేవు. తాను ఏ పద్ధతిలో ఉన్నాడో తెలుసుకోకుండా రాయితీ కోసం చేసే మదుపు రాయితీ లేని ఖర్చుగా మిగిలిపోతుంది.

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. పిండి ఎంత ఉన్నదో ఇంటిలో ఒక్కరికే తెలిసి, రొట్టె అందరూ అడిగే ఇంట పొదుపు నిలువదు. నెలకొకసారి భార్యాభర్తలు, ఊహ తెలిసిన పిల్లలు కలిసి కూర్చుని ఆ మూడు గడుల లెక్క చూసుకుంటే, ఏది మానాలన్న నిర్ణయం అందరిదీ అవుతుంది. పిల్లవాడు తన చందా ఒకటి వదులుకుంటాడు, తండ్రి బండి తీయవలసిన రెండు పనులను ఒక్క ప్రయాణంలో ముగిస్తాడు. పన్నుల రేట్లు నిర్ణయించే అధికారం ఆ ఇంటికి లేదు. తల్లి కంచంలోని పాలూ పప్పూ తగ్గకుండా చూసే అధికారం మాత్రం పూర్తిగా వారిదే.